నాన్నగారి పేరిట ఉపకార వేతనం: బాండు చెల్లుతుందా, ట్రస్టు పెట్టాలా?

ప్రశ్న: మా నాన్నగారు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు, గత ఏడాది కాలం చేశారు. ఆయన దాచిన డబ్బుతో ఏటా ఇంటర్ పూర్తిచేసిన పేద విద్యార్థులు కొందరిని కాలేజీలో చదివించాలని మేం నలుగురు తోబుట్టువులం అనుకున్నాం. అమెరికాలో ఉన్న పెద్దన్నయ్య కూడా ఏటా కొంత పంపుతానంటున్నాడు. ఉద్యోగం వచ్చాక సగం తిరిగి ఇస్తామని విద్యార్థుల చేత బాండు రాయించుకుందామని చిన్నన్నయ్య అంటున్నాడు. మన కులం పిల్లలకే ఇవ్వాలని బంధువుల మాట. మా అక్క కొడుకు ఫీజు కూడా ఇందులోంచే కట్టమని అమ్మ అడుగుతోంది. ట్రస్టు పెట్టాలా, విద్యార్థులకు నేరుగా ఇవ్వవచ్చా, కాలేజీకే ఇచ్చేస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు బాండు సంగతి. ఆ ఆలోచన మానుకోమని మీ చిన్నన్నయ్యకు నా మాటగా చెప్పండి. ఇంటర్ పూర్తయ్యేసరికి చాలామంది పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండవు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం మొదటినుంచీ చెల్లదని మోహరీ బీబీ కేసులో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1903లో తేల్చింది. ఇప్పటికీ మన కోర్టులు దాన్నే పాటిస్తున్నాయి. పద్దెనిమిదేళ్లు నిండాక ఆ కుర్రవాడు వచ్చి ‘అవును, రాసిచ్చాను’ అని ఒప్పుకున్నా ఆ పాత కాగితానికి ప్రాణం రాదు. పోనీ తండ్రి చేత సంతకం పెట్టిస్తారా? ఆయన సంతకం ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఫీజు కట్టలేకనే మీ దగ్గరికి వచ్చిన మనిషి నెత్తిన అప్పు పెట్టడం మీ నాన్నగారి పేరిట జరగాల్సిన పని కాదు.

చదువుకు వడ్డీ లేని అప్పు ఇవ్వడం తప్పు కాదు. ధర్మసంస్థలు ఆ పనీ చేయవచ్చు. అయితే అప్పు ఇస్తున్నప్పుడు అప్పు అనే చెప్పాలి, ఉపకార వేతనం అని పేరు పెట్టకూడదు. చదువుకుని స్థిరపడ్డవాళ్లు తర్వాతి పిల్లల కోసం తమంతట తాము ఇస్తే, అది విరాళంగా సంతోషంగా తీసుకోండి. అందుకు బాండు అక్కర్లేదు.

విద్యార్థి మాట తప్పితే ఏం చేయాలని మీరు ఆలోచించారు. మీరు మాట తప్పితే విద్యార్థి గతి ఏమిటన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. మీ భరోసాతో ఒక అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరిందనుకోండి. మొదటి ఏడాది ఫీజు కట్టారు. రెండో ఏడాది మీలో ఒకరికి ఉద్యోగం పోయింది, మరొకరి ఇంట్లో పెళ్లి వచ్చింది, ఫీజు కట్టలేదు. బకాయి తీరిస్తేనే పరీక్షకు అనుమతి అంటుంది కాలేజీ. మానేసి మరోచోట చేరదామంటే టీసీ కోసం మళ్లీ అదే బకాయి అడ్డం. ఆ అమ్మాయి చట్టం సాయంతో మిమ్మల్ని అడగగలదా? దాదాపు అడగలేదు. ప్రతిఫలం లేని వాగ్దానం చెల్లదని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. మాట నమ్మి ఖర్చు నెత్తిన వేసుకున్నవారికి కొంత రక్షణ ఉంది. పురమందిరం కట్టడానికి చందా ఇస్తానని సంతకం చేసి వెనక్కి తగ్గిన దాత చందా చెల్లించాల్సిందేనని, ఆ మాట మీదే గుత్తేదారుకు పని అప్పగించారు కనుక, 1886లో కలకత్తా హైకోర్టు తీర్పు ఇచ్చింది. కానీ ఫీజు కట్టలేని పిల్ల అదే వాదన వినిపించడానికి లాయరును పెట్టుకుని కోర్టు మెట్లు ఎక్కుతుందా?

అందుకే ఏటా ఎంతమందికి ఇవ్వాలన్నది చేతిలో ఉన్న డబ్బును బట్టి కాదు, ఎంచుకున్నవారి కోర్సు మొత్తానికి ఎంత అవుతుందో దాన్ని బట్టి నిర్ణయించండి. నాలుగేళ్ల చదువుకు నాలుగేళ్ల డబ్బు పక్కన పెట్టాకే ఆ విద్యార్థి పేరు ప్రకటించండి. పదిమందికి ఒక ఏడాది కట్టి వదిలేయడం కంటే ఇద్దరిని పట్టా చేతికొచ్చేదాకా చదివించడం మేలు.

ఈ హామీకి గట్టి పునాది ట్రస్టే. డబ్బు ట్రస్టులోకి వెళ్లాక మీది కాదు. ప్రజోపయోగ ధర్మ ట్రస్టును మనసు మారిందని రద్దు చేసి సొమ్ము పంచుకోవడానికి వీల్లేదు. ఫీజు కట్టడం అక్కడ మీ దయాదాక్షిణ్యం కాదు, ట్రస్టీల విధి. చాలామంది దస్తావేజులో 1882 ట్రస్టుల చట్టం కింద ఏర్పాటు చేస్తున్నామని రాసేస్తుంటారు. ఆ చట్టం ప్రైవేటు ట్రస్టులకే వర్తిస్తుంది, మీది ప్రజా ట్రస్టు. దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ వద్ద రిజిస్టరు చేయించండి. నాన్నగారి డబ్బు మూలనిధి (ఖర్చు చేయకుండా వడ్డీ కోసం ఉంచే అసలు సొమ్ము) కోసమే ఇస్తున్నట్టు మీరందరూ విడిగా లేఖలు రాసి పెట్టుకోండి. అలా రాతపూర్వకంగా మూలనిధికి ఇచ్చిన విరాళం, చట్టం అనుమతించిన పెట్టుబడుల్లో ఉన్నంతవరకు, ఆ ఏడాదే ఖర్చు చేయాల్సిన ఆదాయం కిందకు రాదు.

మూలనిధి మీద వచ్చే వడ్డీలో కనీసం 85 శాతం ఏటా ధర్మకార్యానికి ఖర్చు చేయాలి. పిల్లల తర్వాతి ఏళ్ల ఫీజుల కోసం కొంత మిగల్చాలంటే, కారణం చూపి గడువులోగా ఆదాయపు పన్ను శాఖకు తెలిపి అయిదేళ్ల వరకు దాచవచ్చు. కోర్సు మొత్తానికి హామీ ఇచ్చే మీలాంటివారికి బాగా పనికొచ్చే వెసులుబాటు ఇది. చార్టర్డ్ అకౌంటెంటుతో మొదటి సమావేశంలోనే దీని గురించి మాట్లాడండి.

దస్తావేజులో ఉద్దేశాన్ని మరీ ఇరుకుగా రాయకండి. ఫలానా కాలేజీలో ఫలానా కోర్సుకే అని రాస్తే, రేపు ఆ కోర్సు ఎత్తేసినప్పుడు డబ్బును దగ్గరి ప్రయోజనానికి మళ్లించడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వస్తుంది. అలాగే ఫీజు అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలకు కూడా హాస్టలు, మెస్సు, పుస్తకాలు, పరీక్ష రుసుం, రానుపోను ఖర్చులు ఉంటాయి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ముందు తామే కట్టుకోవాల్సి వస్తుంది. నా అనుభవంలో చదువు మానేసే పిల్లలు ఎక్కువగా చతికిలబడేది ఈ చిన్న మొత్తాల దగ్గరే. ‘చదువుకు అయ్యే అన్ని ఖర్చులు’ అని వివరంగా రాయించండి.

కులం విషయానికి వస్తే, ఒక మతానికో కులానికో మాత్రమే మేలు చేసేలా పెట్టిన ట్రస్టుకు పన్ను మినహాయింపు దక్కదు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవాటికి ఈ నిషేధం లేదు. కాబట్టి పేదింటి ఆడపిల్లలకు అనో, అసలు ఏ హద్దూ లేకుండా పేద విద్యార్థులకు అనో పెట్టుకోవచ్చు. రెండోదే నాకు నచ్చుతుంది. తరగతి గదిలో మీ నాన్నగారు పిల్లలను కులం అడిగి పాఠం చెప్పి ఉండరు.

మీ అక్క కొడుకు ఫీజు ట్రస్టు డబ్బుతో కట్టకూడదు. ట్రస్టు పెట్టినవారు, ట్రస్టీలు, వారి బంధువులు ప్రయోజనం పొందకూడదన్నది నిబంధన. తోబుట్టువుల సంతానం ఆ బంధువుల జాబితాలో ఉంది. కాదని కడితే ఆ మేరకు పన్నుతో పాటు జరిమానా కూడా పడుతుంది. మేనమామలుగా, పిన్నిగా మీ జేబుల్లోంచి కట్టండి, దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. అమ్మగారికి ఇలాగే చెప్పండి, నొచ్చుకోరు.

నేరుగా ఇవ్వడం గురించి అడిగారు. ఒకరిద్దరిని చదివించేటంత డబ్బే ఉంటే ట్రస్టు, ఆడిట్, రిటర్నులు అనవసర భారం. విద్యార్థి పేరు, హాల్ టికెట్ నంబరు చూపించి కాలేజీ ఖాతాలోనే ఫీజు జమచేసి, రసీదు విద్యార్థి పేరిట తీసుకోండి. చదువు ఖర్చుకు ఇచ్చే ఉపకార వేతనం మీద విద్యార్థి పన్ను కట్టనక్కర్లేదు. ఎందుకు ఇస్తున్నారో రాయకుండా ఊరికే ఖాతాలో వేస్తే మాత్రం, బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు మించి వచ్చిన కానుకలను ఆదాయంగా లెక్కవేసే నిబంధన ఒకటి ఉంది. అందుకే ఇది ఉపకార వేతనమని రెండు వాక్యాల లేఖ ఇచ్చి ఉంచండి. నేరుగా ఇచ్చినదానికి, విరాళాల మీద దాతలకు దక్కే పన్ను రాయితీ (పాత చట్టంలోని 80జీ) మీకు రాదు.

కాలేజీకే ఇవ్వాలనుకుంటే, సొమ్ము ఎక్కడ పెట్టుబడి పెడతారు, విద్యార్థులను ఎవరు ఎంపిక చేస్తారు, కాలేజీ మూతపడితే నిధి ఎటు పోతుంది అన్నవి రాతలో పెట్టించుకోండి. విరాళానికి బదులుగా ఎవరికైనా సీటు ఇస్తామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. దాన్ని 1983 నాటి రాష్ట్ర చట్టం క్యాపిటేషన్ ఫీజుగా నిషేధించింది, అది నేరం.

రాయితీ సంగతి: ట్రస్టుకు ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు వచ్చాక దాతలు పాత పన్ను విధానంలో ఉంటే, పరిమితికి లోబడి, ఇచ్చినదాంట్లో సగం మినహాయించుకోవచ్చు. 2,000 రూపాయలు మించిన నగదుకు ఇది వర్తించదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కనుక పాత నమూనా దస్తావేజుల్లోని సెక్షన్ల సంఖ్యలను యథాతథంగా దించకండి.

ట్రస్టీలుగా తోబుట్టువులతో పాటు బయటివారిని ఇద్దరినైనా తీసుకోండి. 1794లో చనిపోయిన మద్రాసు వర్తకుడు పచ్చయప్ప ముదలియార్ ధర్మానికి రాసిన ఆస్తి ఏళ్ల తరబడి వ్యాజ్యాల్లో నలిగింది. ఆ డబ్బుతో మద్రాసులో బడి తెరుచుకున్నది 1842లో. ఇప్పుడు ట్రస్టీలు దారి తప్పితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద అడ్వకేట్ జనరల్, లేదా ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు వ్యక్తులు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. ఏటా లెక్కలు నలుగురికీ కనిపించేలా పెడితే ఆ అవసరం రాదు.

ఇక మీ పెద్దన్నయ్య. ఆయన ఇప్పటికీ భారత పౌరుడేనా, అమెరికా పౌరసత్వం తీసుకున్నారా? భారత పౌరుడైతే, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారి ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. అప్పుడు కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరవకుండా ట్రస్టు ఆయన నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. దస్తావేజు ముసాయిదా రాయకముందే ఆయన పాస్‌పోర్టు నకలు తెప్పించి చూడండి. ఆయన అమెరికా పౌరుడని తేలితే, అనుమతి వచ్చేదాకా ఆయన వాటాను లెక్కలోంచి తీసేసి, మిగిలిన డబ్బుతో ఎందరి కోర్సు పూర్తవుతుందో అందరినే ఈ ఏడాది ఎంచుకోండి.