గీత గీసే ముందు ఫొటో చూడు

బుజ్జీకి,

ఆశీస్సులు. తాతయ్య సహస్ర చంద్ర దర్శనానికి నువ్వు చేస్తున్న స్క్రాప్‌బుక్ పేజీలు వాట్సాప్‌లో చూశాను. ఫొటోలు బాగా ఏరావు. ఇబ్బందల్లా గీతలతోనే. ప్రతి ఫొటో చుట్టూ ఒక డబ్బా, ప్రతి పేజీకీ రెండు వరుసల బోర్డరు. ఇన్ని ఉండేసరికి ఒక్కటీ కంటికి ఆనడం లేదు. సగం తీసెయ్.

గీత ఎక్కడ వెయ్యాలో చాలాసార్లు ఫొటోలోనే ఉంటుంది. కాశీలో అమ్మమ్మ ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా తీసిన ఫొటో ఉంది కదా, ఆ మెట్లన్నీ అడ్డగీతలే. వాటిలో ఒక మెట్టు ఎత్తుకి సరిపోయేలా సన్నటి కాగితం పట్టీని ఫొటోకి అటూ ఇటూ పేజీ చివరిదాకా అంటించు. మెట్టు ఫొటో దాటి పేజీలోకి వచ్చేస్తుంది. రాజమండ్రి ఫొటోలో వెనకాల గోదావరి మీద ఆర్చ్ బ్రిడ్జి పడింది. అసలు వంతెనకి 28 కమానులు, నువ్వు మూడు గీస్తే చాలు. ఫొటోలో కమాను ఎక్కడ తెగిపోయిందో అక్కడి నుంచి కంపాస్‌తో మొదలుపెట్టు. దాని చుట్టూ నలుపలకల ఫ్రేమ్ మాత్రం వద్దు, ఆ వంపు అందమంతా పోతుంది.

అడ్డగీత ఉంటే పేజీ కుదురుగా కనిపిస్తుంది. నిలువు గీత చూపుని పైకి లాగుతుంది, తాతయ్య ధ్వజస్తంభం పక్కన నిలబడ్డ ఫొటోకి అదే నప్పుతుంది. ఏటవాలు గీతలో కదలిక ఉంటుంది కాబట్టి దాన్ని పిల్లలు పరిగెత్తే ఫొటోకి దాచుకో. పీటల మీద కూర్చున్న ఫొటోకి వేశావంటే ఇద్దరూ జారిపోతున్నట్టుంటారు! ఏ గీత వేసినా దాని చివర ఏముందో చూసుకో. కన్ను గీత వెంటే పోతుంది. అది ఒక ముఖం దగ్గరో, నువ్వు రాసిన మాటల దగ్గరో ఆగాలి. ఖాళీ మూలకి పోయిందంటే చూసేవాళ్లు పేజీ తిప్పేస్తారు.

కొలతలకి టెన్షన్ పడకు. నీ పేజీ 12 అంగుళాల చదరం. కింది నుంచి 4 అంగుళాల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకుని ఫొటోలని దాని మీద నిలబెట్టు. సరిగ్గా మధ్యలో గీస్తే పేజీ రెండు ముక్కలై ఏ సగం ముఖ్యమో తెలియదు. ఫొటోల మధ్య సందు అంతటా పావు అంగుళం ఉంచు. ఆ ఖాళీ సందు కూడా గీతే, దానికి పెన్ను అక్కర్లేదు. రంగు అమ్మమ్మ పట్టుచీర అంచులోంచి తీసుకో. పేజీకి ఒక లావు పట్టీ, ఒక సన్న గీత చాలు.

రాయడానికి గీసిన గీతలు మాత్రం అన్నీ మార్చాలి. ఇంగ్లీషు నోట్‌బుక్‌లో ఉన్నంత దగ్గరగా గీశావు. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు. ‘శాస్త్రి’ అని రాస్తే సగం కింది వరుసలోకి దిగిపోతుంది. కనీసం ఒక సెంటీమీటరు వదులు. తాతయ్య చేత రెండు మాటలు రాయిస్తానన్నావు, ఆయన చెయ్యి వణుకుతుంది కాబట్టి ఒకటిన్నర ఇవ్వు. గీత దాటినా దిద్దకు.

ముందు వాషి టేపుతో, అంటే రంగురంగుల కాగితం టేపుతో, వేసి చూసుకో, నచ్చకపోతే ఊడదీయొచ్చు. దారంతో కుట్టాలనుకుంటే స్కేలు పెట్టి సూదితో సమానంగా చుక్కలు పొడుచుకున్నాకే కుట్టు, లేకపోతే కాగితం చిరుగుతుంది. ఫొటో మీద జెల్ పెన్ వద్దు, అలుక్కుపోతుంది. త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ ఇంకు పెన్ను కొనుక్కో, కాగితం యాసిడ్-ఫ్రీ (ఆమ్లం లేనిది) అని ఉన్నదే తీసుకో. సెల్లోటేపు కొన్నేళ్లకి పసుపు రంగుకి తిరిగి మరక పెడుతుంది, ఆ జోలికే పోకు.

కాశీ పేజీ మార్చాక మళ్లీ ఫొటో పెట్టు. ఈసారి పైనుంచి తిన్నగా తియ్యి, పక్కనుంచి తీస్తే గీతలు వంకరో ఫోను వంకరో నాకు తెలియడం లేదు.

మీ పెద్దమ్మ