బిందె మోస్తే రాని నొప్పి కుర్చీలో కూర్చుంటే ఎందుకు?

ప్రశ్న: మాది పాలకొల్లు. భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వయసు 34. రోజంతా లాప్‌టాప్ ముందే. మెడ వెనక నుంచి కుడి భుజం దాకా లాగేస్తోంది, సాయంత్రానికి తలనొప్పి. జీఎస్టీ రిటర్నులకు 20వ తేదీ దగ్గరపడితే టెన్షనూ నొప్పీ కలిసే పెరుగుతాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. అమృతాంజనం రాస్తున్నాను. "కాలవ నుంచి బిందెలతో నీళ్లు మోసినా మాకు రాని నొప్పి, ఫ్యాను కింద కూర్చునే నీకెందుకొచ్చిందే?" అంటారు మా అత్తగారు. ఇది ఏసీ వల్లేనా? ఆఫీసులో చేసుకోదగ్గ వ్యాయామాలు చెప్పండి.

జవాబు: మీ అత్తగారి మాటను వెటకారం అనుకోకండమ్మా. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న అదే.

బిందె ఎత్తితే కండరం బిగుస్తుంది, దించితే వదులవుతుంది. వదులైన ప్రతిసారీ దానికి రక్తం బాగా అందుతుంది. మీరు మౌస్ పట్టుకుని, మెడ ముందుకు చాచి కూర్చున్నప్పుడు మెడ నుంచి భుజం దాకా పరుచుకున్న ట్రెపీజియస్ కండరం కొంచెమే బిగుస్తుంది. కానీ గంటల తరబడి వదలదు. లాకు తలుపులు సగం దించేసిన కాలవలాగా అన్నమాట, నీళ్లుంటాయి కానీ శివారు చేలకు ఎక్కవు. పైగా టెన్షన్‌లో మనకు తెలియకుండానే భుజాలు చెవుల వైపు లేస్తాయి, పళ్లు బిగుస్తాయి. 20వ తేదీ ముందు నొప్పి పెరగడం మీ భ్రమ కాదు.

కాబట్టి ఈ కండరానికి కావలసింది విశ్రాంతి కాదు, కదలిక, కాస్త బలం. డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పి తరచూ వచ్చే ఉద్యోగుల చేత పది వారాల పాటు రబ్బరు బ్యాండుతో ఒకే ఒక వ్యాయామం చేయించారు. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండే నిమిషాలు చేసినవాళ్లకూ నొప్పి తగ్గింది. ఆ అధ్యయనం 2011లో వచ్చింది. "నాకు టైమ్ ఎక్కడిదండీ" అనేవాళ్లకు నేను ముందు ఇదే చెబుతాను.

బ్యాండు లేకపోతే అర లీటరు నీళ్ల బాటిళ్లు రెండు తీసుకోండి. నిలబడి, మోచేతులు కొద్దిగా వంచి, రెండు చేతులూ పక్కలకు, కాస్త ముందుకు ఉండేలా భుజాల ఎత్తు వరకు నెమ్మదిగా లేపండి. అంతకు పైకి వద్దు. దించేటప్పుడు ఇంకా నెమ్మది. భుజాలు అలిసేదాకా, మహా అయితే రెండు నిమిషాలు. ఊపిరి బిగబట్టొద్దు. తేలికైపోయాక లీటరు బాటిళ్లకు మారండి. మొదటి వారం కొంచెం సలుపు ఉంటే భయం లేదు. పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపేయండి.

ఇక మీ టేబుల్. లాప్‌టాప్‌ను అలాగే బల్లమీద పెడితే మెడ వంగక తప్పదు. దాని కింద ఎ4 కాగితాల కట్టలు రెండు పెట్టి, స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. కీబోర్డు, మౌస్ విడిగా కొనిమ్మని కంపెనీని అడగండి. చెరువుల దగ్గర నుంచి ఫోన్ చేసి రొయ్యల కౌంట్లు (కిలోకు ఎన్ని తూగుతున్నాయో ఆ లెక్క) చెబుతుంటే, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి రాసుకుంటారు చూడండి, అది మానేయాలి. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. అరగంటకోసారి లేవండి, నీళ్లు తాగడానికైనా సరే. రిటర్న్ అప్‌లోడ్ అయ్యేదాకా స్క్రీన్‌ను చూస్తూ కూర్చోకుండా, భుజాలు కిందికి వదిలి నాలుగైదుసార్లు ఊపిరిని నెమ్మదిగా, పొడవుగా వదలండి.

నొప్పికి అసలు కారణం ఏసీ కాదు. గాలి నేరుగా మెడకు తగిలి ఇబ్బందిగా ఉంటే దాని దిశ మార్పించండి. అమృతాంజనం రాసుకోండి, హాయిగా ఉంటుంది, అంతవరకే.

ఇంకో మాట. ఇద్దరి పని మీ ఒక్కరి మీద పడుతుంటే దాన్ని బాటిళ్లు తగ్గించలేవు. ఆ సంగతి మేనేజరుతోనే తేల్చుకోవాలి.

చేతిలో పట్టు తగ్గినా, తిమ్మిరి వేళ్ల దాకా పాకినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా వ్యాయామం పక్కనపెట్టి డాక్టరును కలవండి. ఛాతీలో బరువు, చెమటలతో పాటు చెయ్యి లేదా దవడ లాగితే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: తణుకులో గుమాస్తాను, 54 ఏళ్లు, బీపీ ఉంది. నడుం పట్టేస్తోంది. ఆఫీసులో చేతులూ కాళ్లూ ఊపితే అందరూ నవ్వుతారని మొహమాటం.

జవాబు: నవ్వనివ్వండి మాస్టారూ. జపాన్‌లో రేడియో పాటకు సామూహికంగా చేసే కసరత్తు 1928లో మొదలైంది, ఇప్పటికీ చాలా కంపెనీల్లో పని మొదలయ్యే ముందు అందరూ కలిసి చేస్తారు. అయినా మొహమాటమే అంటే, ఎవరికీ తెలియకుండా చేసేవి ఉన్నాయి. కుర్చీ చేతులు పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చోండి. ఫైలు కోసం లేచారనుకుంటారు. టీ టేబుల్ దగ్గరికి తెప్పించుకోకుండా బడ్డీకొట్టు దాకా మీరే నడవండి. బీపీ మాత్ర మానొద్దు, లేచేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు. వెనక జేబులో లావుపాటి పర్సు ఉంటే తీసేసి కూర్చోండి.