ఇరవై ఒకటో మాత్ర

చిట్టీ,

నిన్న ఫోన్లో నవ్వుతూ ఒక మాట అన్నావు. "సీనియర్ల రికార్డులు ఉన్నాయి పెద్దమ్మా, రీడింగులు అందులోంచి వేసేసుకుంటాం, ల్యాబ్ గురించి టెన్షన్ లేదు" అని. అప్పటికి ఊరుకున్నాను గానీ, ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. ఫార్మసీ ఎలా చదవాలో, ఉద్యోగానికి ఎలా తయారవ్వాలో రాయమన్నావు కదా. అక్కడినుంచే మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పని మాత్రలు తూచడం. మెషిన్ దగ్గర తీసిన మాత్రల్లోంచి ఇరవై ఏరి, ఒక్కొక్కదాని బరువు చూసి షీటులో రాయాలి. సగటు 500 మిల్లీగ్రాములు. ఒకరోజు పదిహేడోది 470 చూపించింది. త్రాసుకి చెయ్యి తగిలిందేమో అనుకుని దాన్ని పక్కన పెట్టి, డబ్బాలోంచి ఇంకోటి తీసి తూచాను. 498 వచ్చింది. అదే రాశాను. షీటు చూడముచ్చటగా ఉంది.

సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చారు. ఆయన షీటు ముట్టుకోలేదు, గిన్నెలో మాత్రలు లెక్కపెట్టారు. "ఈ ఇరవై ఒకటోది ఎక్కడిదమ్మా?" అన్నారు. చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. నన్ను మెషిన్ దగ్గరికి తీసుకెళ్లి హాపర్ (పొడి పోసే గరాటు లాంటి డబ్బా) మూత తీశారు. పొడి తేమ పట్టి గోడలకి అట్టకట్టింది, కిందికి సరిగ్గా జారడం లేదు. అచ్చులోకి పొడి నిండుగా పడకపోతే మాత్ర బరువు తగ్గిపోతుంది. పదిహేడో మాత్ర పొద్దున్నే ఆ సంగతి చెప్పింది, నేనే దాని నోరు నొక్కేశాను. ఆ రోజు తయారైన సరుకంతా వేరుగా పెట్టి మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ సైజు మాత్రకి సగటు మీద 5 శాతం దాకా తేడా ఉండొచ్చు. ఇరవైలో రెండు ఆ గీత దాటినా ఫరవాలేదు, ఏదీ 10 శాతం మాత్రం దాటకూడదు. నా మాత్రలో తేడా 6 శాతం. అంటే ఉన్నది ఉన్నట్టు రాసినా ఆ పరీక్ష పాసయ్యేదే! ఉత్తి పుణ్యానికి అబద్ధం రాశాను.

అందుకని ల్యాబ్‌లో అలవాటు ఇప్పుడే చేసుకో. రీడింగు వచ్చిన క్షణాన నేరుగా రికార్డులో పెన్నుతో రాయి. అరచేతి మీద, చిత్తుకాగితం మీద రాసి తర్వాత ఎక్కించడాలు వద్దు. తప్పు పడితే ఒక్క అడ్డగీత గీసి, పక్కన సరైన అంకె రాసి, తేదీ వేసి సంతకం పెట్టు. పాత అంకె కనపడాలి. వైట్‌నర్ ముట్టుకోవద్దు. ఫ్యాక్టరీకి తనిఖీకి వచ్చేవాళ్లు మరీ నీటుగా ఉన్న షీటు దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు, అది నేను చాలాసార్లు చూశాను.

ఇక చదువు. ఫార్మకాలజీలో మందుల పేర్లు బట్టీ పట్టలేక ఏడుపొస్తోందన్నావు. పేర్ల తోకలు పట్టుకో. చివర ఓలాల్ ఉంటే చాలావరకు బీటా బ్లాకర్ (గుండె వేగం, బీపీ తగ్గించేది), ప్రిల్ అంటే ఏస్ ఇన్హిబిటర్ (ఇంకో రకం బీపీ మందు), స్టాటిన్ అంటే చాలావరకు కొలెస్ట్రాల్ మందు. ఒక్కో కుటుంబంలో ఒక్క మందు క్షుణ్ణంగా చదివితే, తక్కిన వాటికి తేడాలు గుర్తుంటే చాలు.

క్షుణ్ణంగా అంటే ఎలాగో పారాసిటమాల్‌తో చెప్తాను. లివర్ దాన్ని చాలామటుకు హానిలేని రూపంలోకి మార్చి బయటికి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం ఎన్‌ఏపీక్యూఐ అనే విషపదార్థం అవుతుంది. మామూలు డోసులో దాన్ని లివర్‌లోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు పట్టేసుకుంటుంది. డోసు మితిమీరితే ఆ నిల్వ ఖాళీ అయిపోతుంది, విషం లివర్ కణాల మీద పడుతుంది. విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ ఎందుకిస్తారు? గ్లూటాథయోన్ మళ్లీ తయారవడానికి కావలసిన ముడిసరుకు అదే కాబట్టి. చూశావా, కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ, టాక్సికాలజీ నాలుగూ ఒక్క మాత్రలో వచ్చేశాయి. నాలుగు పుస్తకాలూ వేర్వేరుగా చదివితే నాలుగూ మర్చిపోతావు.

ఫార్మాస్యూటిక్స్‌ని (మందుని మాత్రగానో సిరప్‌గానో తయారుచేసే పాఠం) మీ క్లాసువాళ్లంతా "పిండి కలిపే సబ్జెక్టు" అని తీసిపారేస్తారట. నాకు ఒళ్లు మండింది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే బ్యాక్టీరియా మందుని ద్రవంగా తయారుచేశారు. మందు అప్పటికే వాడుకలో ఉన్నదే. అది కరగడానికి డైఇథిలీన్ గ్లైకాల్ వాడారు, తియ్యగా ఉంటుంది. అది విషమో కాదో పరీక్షించలేదు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మందులు అమ్మేముందు భద్రత నిరూపించాలన్న 1938 నాటి చట్టం ఆ చావుల మీదినుంచి వచ్చిందే. వాళ్లని చంపింది మందు కాదు, నువ్వు పట్టించుకోని ఆ "మిగతా పదార్థం". ఇంకొకటి: 1998లో రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందు క్యాప్సూళ్లు మార్కెట్లోంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అణువు అదే, స్ఫటికంలో అమరిక మారింది, సరిగ్గా కరగడం మానేసింది. పాలీమార్ఫిజం పాఠం వచ్చినప్పుడు ఇది గుర్తుచేసుకో.

లెక్కలకి భయపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. క్యాలిక్యులేటర్ తీసేముందు జవాబు సుమారుగా ఎంత రావాలో మనసులో అనుకో. పదిరెట్లు తప్పు వస్తే అక్కడే పట్టేస్తావు. .5 అని రాయకు, 0.5 అని రాయి, చుక్క కనపడకపోతే 5 అయిపోతుంది. అలాగే 5.0 అని రాయకు, అది 50 అయి కూర్చుంటుంది. మైక్రోగ్రాముని గ్రీకు అక్షరంతో కాకుండా పూర్తిగా రాయి.

హాస్పిటల్ పోస్టింగ్‌లో రోగులతో మాట్లాడే ఛాన్స్ వదులుకోకు. "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడగొద్దు. ఎవరైనా అవుననే అంటారు. "ఎలా వేసుకుంటున్నారో చెప్పండి" అని అడుగు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. దాన్ని రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. "వారంలో ఏ రోజు వేసుకుంటారు?" అని అడిగావనుకో, రోగి తెల్లమొహం వేస్తే విషయం అక్కడే బయటపడుతుంది.

ఉద్యోగాల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను, రెండో ఏడాదిలోనే దాని గురించి బెంగ అక్కర్లేదు. ప్రొడక్షన్, రెగ్యులేటరీ (అనుమతుల పని), ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు కనిపెట్టడం), హాస్పిటల్, ఇలా దారులు చాలానే ఉన్నాయి. క్యూసీ (క్వాలిటీ కంట్రోల్), క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) ఒకటే అనుకుంటున్నావు, కాదు. క్యూసీ వాళ్లు మాత్రని పరీక్షిస్తారు. క్యూఏ వాళ్లు ఆ మాత్ర తయారైన తీరునీ కాగితాలనీ చూసి బ్యాచ్ బయటికి వదలాలో వద్దో తేలుస్తారు. ఇంటర్న్‌షిప్‌లో ఏసీ గదిలో కూర్చోబెట్టినా, మెషిన్ పక్కన నిలబడతానని అడుగు.

ఇంటర్వ్యూ గురించి ఒక్క మాట. "హెచ్‌పీఎల్‌సీ వచ్చు" అని రెజ్యూమెలో రాసినవాళ్లని (మందులోని పదార్థాలని వేరుచేసి గ్రాఫ్‌లో శిఖరాలుగా చూపించే యంత్రం అది) "పీక్‌కి తోక వస్తే ఏం చూస్తావు?" అని అడిగేదాన్ని. సగంమంది నీళ్లు నమిలేవారు. ఒకమ్మాయి మాత్రం, "అది నాకు రాలేదండీ, కానీ మొబైల్ ఫేజ్‌లో, అంటే యంత్రంలో పారే ద్రవంలో, గాలి తీయడం మర్చిపోయి, గ్రాఫ్ అడుగు గీత ఊగిపోతుంటే ఎందుకో తెలియక ఒక రోజంతా కొట్టుకున్నాను" అంది. తక్కిన ప్రశ్నలు అడక్కుండానే తీసుకున్నాం.

వచ్చే వారం డిసల్యూషన్ (మాత్రలో మందు ఎంతసేపట్లో ఎంత కరుగుతుందో చూసే) ప్రయోగం ఉందన్నావుగా. 37 డిగ్రీలు, 900 మిల్లీలీటర్లు, అన్నీ సరిగ్గా పెట్టినా 20 నిమిషాల దగ్గర కంటే 30 నిమిషాల దగ్గర మందు తక్కువ కరిగినట్టు రావచ్చు. వస్తే సీనియర్ రికార్డు తెరవకు. వంకర గ్రాఫ్ వంకరగానే గీసి నాకు ఫొటో పంపు. శాంపిల్ తీసినంత ద్రవం తిరిగి పోసినప్పుడు ఆ పలచబడటాన్ని లెక్కలో సరిచేశావో లేదో, ఫిల్టర్ మందుని పట్టేసుకుందేమో ఇద్దరం కలిసి వెతుకుదాం.

నీ పెద్దమ్మ