ఆటా-మాటా: ఫుటీ ఆడతానంటోంది, పంపించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. చిన్నప్పటి నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతోంది. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అక్క కూతురు అక్కడి ఆడవాళ్లు ఆడే ఫుటీ, అదే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, వీడియోలు పంపిస్తుంటే అవి చూసి, డిగ్రీకి అక్కడికే వెళ్తాను, ఆ ఆటే ఆడతాను అని కూర్చుంది. వాళ్ల నాన్నకేమో కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకుంటుందని భయం. నాకేమో దాంతో బతుకు గడుస్తుందా అని టెన్షన్. పెళ్లయ్యాక ఎవరైనా ఆడనిస్తారా అన్నది ఇంకో దిగులు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: ముందు ఒకామె గురించి చెప్తానమ్మా, మీ అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. పేరు ఎరిన్ ఫిలిప్స్. 1985లో పుట్టింది. నాన్న గ్రెగ్ ఫిలిప్స్ పోర్ట్ అడిలైడ్ ఫుటీ క్లబ్బుకు ఆడిన పేరున్న ఆటగాడు కాబట్టి ఇంట్లో పొద్దస్తమానం ఫుటీ గొడవే. ఈ పిల్ల కూడా అబ్బాయిలతో కలిసి ఆడింది, బాగా ఆడింది, 13 ఏళ్లు వచ్చేసరికి ఇక వాళ్లతో ఆడకూడదన్నారు. అమ్మాయిలకు ముందుకెళ్లే దారే లేదు. అప్పుడు బాస్కెట్‌బాల్ పట్టుకుంది. ఆస్ట్రేలియా జట్టుతో 2006లో ప్రపంచ చాంపియన్, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో వెండి పతకం, అమెరికాలో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ టైటిళ్లు రెండు, 2012లో ఇండియానా జట్టు తరఫున, 2014లో ఫీనిక్స్ తరఫున. ఇంతా అయ్యాక 2017లో ఆడవాళ్ల ఫుటీ లీగ్ ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూ మొదలైతే, 31 ఏళ్ల వయసులో అడిలైడ్ జట్టులో చేరి మొదటి సీజన్‌లోనే కప్పు గెలిచింది, లీగ్ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి కూడా తనే! 2019లో మళ్లీ ఆ రెండూ. ఆ చిన్న వయసులో పోయిన ఆట అన్నేళ్ల తర్వాత చేతికొచ్చిందంటే, మధ్యలో ఆడిన బాస్కెట్‌బాల్ ఏమీ వృథా కాలేదని నా గట్టి నమ్మకం.

ఎందుకో ఆట చూస్తే తెలుస్తుంది. మన ఉప్పల్ స్టేడియం లాంటి క్రికెట్ మైదానంలోనే ఆడతారు, బంతి కోలగా ఉంటుంది, ఆడవాళ్ల లీగ్‌లో జట్టుకు 16 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు, మధ్య రెండింటి నడుమ నుంచి తంతే 6 పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే 1. బంతిని విసరకూడదు, ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి అందించాలి, చేతిలో పట్టుకుని పరుగెడితే 15 మీటర్లకోసారి నేలకు కొట్టాలి. అంటే గాల్లోకి ఎగిరి నలుగురి మధ్య బంతి అందుకోవడం, గుంపులో సందు చూసి తిరగడం, పక్కనున్న మనిషికి క్షణంలో ఇవ్వడం, ఇవన్నీ మీ అమ్మాయికి ఇప్పటికే కొంత వచ్చు. రానిది కిక్కు. అక్కడి పిల్లలు నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ బంతి తంతుంటారు, ఆ తేడా పూడ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ మాట దాచకుండా చెప్పండి. ఐర్లాండ్ నుంచి కోరా స్టాంటన్ 35 దాటాక వచ్చి ఈ లీగ్‌లో ఆడింది నిజమే, కానీ ఆమె వచ్చింది గేలిక్ ఫుట్‌బాల్ నుంచి, అందులోనూ కాలితో తన్నడమే సగం ఆట.

ఇక డబ్బు. 2017లో చాలామందికి సీజన్ మొత్తానికి దక్కింది 8,500 ఆస్ట్రేలియన్ డాలర్లు. దాంతో ఎవరి బతుకూ గడవదు కాబట్టి పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీస్. మెల్‌బోర్న్ కెప్టెన్ డైసీ పియర్స్ ఆస్పత్రిలో మంత్రసానిగా పనిచేస్తూనే ఆడింది. మీ మూడో దిగులుకి కూడా ఆమే జవాబు: 2019లో కవలల్ని కని, ఆ సీజన్ మానుకుని, తిరిగొచ్చి 2022లో జట్టుకు కప్పు గెలిపించింది, ఇప్పుడు వెస్ట్ కోస్ట్ జట్టుకు కోచ్. అప్పటి 8 జట్లు 18 అయ్యాయి, 2023లో కుదిరిన ఒప్పందంతో సగటు జీతం 2027కల్లా 82,000 డాలర్లకు పెరగాలి. పెరిగింది, సంతోషం. అయినా ఆ జట్లలో చోటు దొరికేది కొద్దిమందికే, అదీ ఊళ్లోని క్లబ్బు, రాష్ట్ర లీగ్, ఆ తర్వాత జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ అనే మెట్లు ఎక్కాక.

కాబట్టి నా మాట ఇది. ఆస్ట్రేలియా పంపాలా వద్దా అన్నది చదువును బట్టే తేల్చుకోండి, ఏ కోర్సు, ఫీజు ఎంత, అప్పు ఎలా తీరుతుంది, ఇవే చూడండి. ఆట కోసం పనికిరాని కోర్సులో చేరతానంటే మాత్రం నేను మీ వైపే. మంచి కోర్సుకే వెళ్తే అక్కడ పేటపేటకీ క్లబ్బులున్నాయి, కొత్తవాళ్లను కూడా చేర్చుకుంటాయి, హాయిగా ఆడనివ్వండి. ఈలోపు బాస్కెట్‌బాల్ ఎట్టి పరిస్థితిలోనూ మాన్పించొద్దు, మన దగ్గర రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు పనికొచ్చేది అదే. ఇంటర్ అయ్యేదాకా ఆట ఆపెయ్ అనే సలహా చుట్టాలిస్తారు, వినకండి.

ప్రశ్న: కబడ్డీ ఆడతాను. మోకాలి లిగమెంట్ తెగింది, సర్జరీ చేశారు. ఇంట్లో అందరూ ఇక ఆట అయిపోయినట్టే అంటున్నారు. నిజమేనా మేడమ్? – డిగ్రీ విద్యార్థిని, రామంతాపూర్

జవాబు: కాదు తల్లీ. పైన చెప్పిన ఎరిన్ ఫిలిప్స్‌కి 2019 ఫైనల్లో, 53,034 మంది చూస్తుండగా ఎడమ మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. మైదానంలోంచి మోసుకెళ్లారు, అయినా ఆ మ్యాచ్‌లో ఉత్తమ క్రీడాకారిణి తనే. తిరిగొచ్చి 2022లో, 36 ఏళ్ల వయసులో మూడో కప్పు గెలిచి, 2023లో రిటైరైంది. అయితే తొందరపడకు. మామూలుగా 9 నెలల నుంచి ఏడాది పడుతుంది, నొప్పి తగ్గింది కదా అని ముందే దిగితే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఈ గాయం ఎక్కువగా అవుతుంది కాబట్టి, తొడ వెనక కండరాల బలం, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా చూసుకోవడం, ఈ రెండూ ఫిజియో దగ్గర శ్రద్ధగా నేర్చుకో. మ్యాట్ ఎక్కే ముందు రెండు కాళ్ల బలం సమానంగా ఉందో లేదో పరీక్ష చేయమని నువ్వే అడుగు. ఇంట్లోవాళ్లను కూడా ఒకసారి ఫిజియో దగ్గరికి తీసుకెళ్లు, నీ నోటితో చెప్తే నమ్మనిది ఆయన చెప్తే వింటారు.