హ్యూస్టన్ వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

నువ్వు హ్యూస్టన్‌లో వ్యోమగాముల ఆహారం మీద పనిచేయబోతున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో నిద్రపట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ కూడా పట్టుకుంది.

వీసా, ఇల్లు, బ్యాంకు సంగతులు మీ నాన్న చూసుకుంటాడు. నేను మాత్రల గురించే చెప్తాను.

పాలిపోయిన ఆడపిల్ల కనిపిస్తే చాలు, ఐరన్ మాత్రలు రాసేయడం మా డాక్టర్లకు అలవాటు. అంతరిక్షంలో అది పనికిరాదు. అక్కడ ఎర్రకణాలు తగ్గి, వాటిలోని ఐరన్ ఒంట్లోనే నిల్వ చేరుతుంది. కాల్షియమూ అంతే. బరువు మోసే పని లేక తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తరిగిపోతుంది, ఆ కాల్షియం మూత్రంలోకి వస్తుంది. ఇంకా మాత్రలు గుప్పిస్తే కిడ్నీలో రాళ్ల భయం. విటమిన్ డి మాత్రం ఇవ్వాల్సిందే, లోపల ఒంటికి ఎండ తగలదు కదా. రోజుకు 800 యూనిట్లు ఇస్తారు.

ఆ డి దగ్గరే నేను తప్పు చేశాను.

నీకు అరిసెలు దాచిపెట్టే మా అత్తగారు గుర్తుందా? మోకాళ్ల నొప్పులంటే, పరీక్ష చేయించకుండానే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు తెచ్చిచ్చాను. వారానికొకటి అని హడావిడిగా చెప్పి ఆసుపత్రికి పరిగెత్తాను. ఆవిడ రోజూ పాలల్లో కలుపుకుని తాగింది. అయిపోతే పక్కింటి అబ్బాయితో మెడికల్ షాపు నుంచి తెప్పించుకుందట. రెండు నెలలకు వాంతులు, మలబద్ధకం, చెంబులకు చెంబులు నీళ్లు తాగడం. ఒకరోజు నన్ను చనిపోయిన వాళ్లక్క పేరుతో పిలిచింది. వయసు మీదపడిందనుకున్నాను, నేను, డాక్టర్ని! మంచం కింద స్టీలు డబ్బా తెరిస్తే, నాలుగు మడతలు పెట్టిన ఖాళీ ప్యాకెట్లు, యాభైకి పైనే. డి ఎక్కువై రక్తంలో కాల్షియం 14కి ఎక్కింది, ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. సెలైన్లతో బయటపడింది గానీ, కిడ్నీలు కుదుటపడటానికి నెలలు పట్టింది. "నువ్విచ్చిన మందే కదమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే రక్తపరీక్ష చూడకుండా ఏదీ రాయనివ్వకు. ఏమేం మింగుతున్నారో ఆ వ్యోమగాముల నోటితోనే చెప్పించుకో, ఖాళీ అట్టలు లెక్కపెట్టు. అంగారకుడి ప్రయాణానికి అయిదేళ్లు నిల్వ ఉండే తిండి కావాలంటున్నారు. విటమిన్ సి, బి1 అన్నాళ్లు నిలవవు. తినే రోజుకి ఎంత మిగిలిందో కొలిచి చూడండి.

సంక్రాంతికి నీ బ్యాగులో జుట్టుకని, గోళ్లకని మూడు డబ్బాలు చూశాను. ఎవరు రాశారే నీకవి? బయల్దేరే ముందు అవన్నీ పట్టుకుని ఒకసారి తెనాలి రా తల్లీ. పరగడుపునే రా, రక్తం తీయించి, ఆ తర్వాత పెసరట్టు పెడతాను.

మీ పెద్దమ్మ