బల్లిని పక్కన పెట్టి ముందు ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లు

సింధూ,

నీ మెయిల్ చదివాను. పీహెచ్‌డీ సీటు వచ్చిందని అక్క ఫోన్ చేసిన రోజే సగం ఊరికి చెప్పేశాను కాబట్టి శుభాకాంక్షల కార్యక్రమం అయిపోయినట్టే, ఇక పనిలోకి వద్దాం. బల్లి పాదాన్ని చూసి శరీరం లోపల అంటుకునే ప్యాచ్ చేస్తానంటున్నావు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు మామయ్యా అంటున్నావు. ఎక్కడైనా మొదలుపెట్టు కానీ బల్లి దగ్గర మాత్రం వద్దు.

కోపం తెచ్చుకోకు. ఉద్యోగమంతా మెడికల్ డివైజుల మధ్యే గడిపాను, ప్రకృతిని చూసి నేర్చుకుంటామనే ఈ రంగంలో ఎక్కువమంది చేసేది ఒకటే: ఒక జంతువు తెగ నచ్చేస్తుంది, దాని ఒంటి మీది ఆకారాన్ని పాలిమర్‌లో అచ్చు దించుతారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది, పేపర్ పడుతుంది, ఆ తర్వాత ఇది ఏ జబ్బుకి పనికొస్తుందా అని తీరిగ్గా వెతుక్కుంటారు. అలా వెతుక్కుంటూనే చాలా గ్రాంట్లు అయిపోతాయి.

నీ బల్లి సంగతే తీసుకో. అది గోడ మీద నిలబడేది జిగురుతో కాదని నీకు తెలుసు. వేళ్ల అడుగున లక్షల్లో సన్నటి వెంట్రుకలు, ఒక్కోటీ మళ్లీ వందల కొసలుగా చీలి వాన్ డెర్ వాల్స్ బలాలతో (అణువులు బాగా దగ్గరైనప్పుడు వాటి మధ్య పుట్టే చిన్న ఆకర్షణ) పట్టుకుంటాయి, 2000లో కెల్లర్ ఆటమ్, రాబర్ట్ ఫుల్ అనే శాస్త్రవేత్తల బృందం ఒక్క వెంట్రుక ఎంత బలంగా పట్టుకుంటుందో కూడా కొలిచింది. బాగానే ఉంది. మరి పేగు మీద గానీ గుండె మీద గానీ అంత పొడిగా ఉండే చోటు ఒక్కటి చూపించు. బోస్టన్‌లో జెఫ్రీ కార్ప్, రాబర్ట్ లాంగర్ అనే పరిశోధకులు 2008లో బల్లి పాదం లాంటి టేపు మీద పేపర్ వేసినప్పుడు అడ్డొచ్చింది ఈ తడే. శరీరంలో కరిగిపోయే సాగే రబ్బరు మీద నానో సైజు స్తంభాలు నిలబెట్టారు, తడి కణజాలం మీద అవొక్కటే చాలవని పైన ఆక్సిడైజ్డ్ డెక్స్‌ట్రాన్ (ఒక రకం చక్కెర పాలిమర్) పలచగా పూశారు, అది కణజాలంలోని ప్రోటీన్లతో రసాయనికంగా ముడిపడుతుంది. అంటే సగం పని బల్లిది, సగం కెమిస్ట్రీది. వార్తల హెడ్డింగుల్లో మాత్రం బల్లి ఒక్కటే కనిపించింది.

నువ్వు వినాల్సింది దాని తర్వాతి కథ. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో పిల్లల గుండె సర్జన్ పెడ్రో డెల్ నీడో, కార్ప్ ముందు ఒక అవసరం పెట్టారు. పుట్టుకతోనే గుండె గోడలో రంధ్రం ఉన్న పసిపిల్లలకు, గుండె కొట్టుకుంటుండగా, రక్తం పారుతుండగానే ప్యాచ్ అతికించగలిగే పదార్థం కావాలి. పసిబిడ్డ గుండె కండ మెత్తన, కుట్టు వేస్తే చీలే ప్రమాదం, పైగా బిడ్డతో పాటు గుండె కూడా పెరుగుతుంది కాబట్టి అతికించింది గట్టి పలకలా ఉండిపోతే కుదరదు. ఆ అవసరం ముందు బల్లి నిలబడలేదు. అప్పుడు వాళ్లు తడిలో బతికే జీవులు ఏం చేస్తున్నాయో చూశారు, స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు), సముద్రంలో ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకునే శాండ్‌కాజిల్ పురుగు. వాటి స్రావాల నుంచి రెండే గుణాలు పట్టుకున్నారు: రక్తం ఒరవడికి కొట్టుకుపోనంత చిక్కదనం, నీటితో కలవకపోవడం. ఆ రెండూ ఉండేలా జిగురు చేసి, అతినీలలోహిత కాంతి పడగానే సెకన్లలో గట్టిపడేలా చేసి, పందుల గుండెల్లో పరీక్షించి 2014 జనవరిలో ప్రచురించారు. అందులో స్లగ్ లేదు, పురుగూ లేదు, పదార్థం మళ్లీ ఆ పాత రబ్బరు కుటుంబమే.

ఆసుపత్రికి చేరింది ఎలాగో కూడా చూడు. ఈ జిగురు కోసం 2013లో పారిస్‌లో పెట్టిన కంపెనీకి గెకో బయోమెడికల్ అని పేరు, ఇప్పుడు టిస్సియం అంటున్నారు. 2017లో యూరప్ అనుమతి వచ్చింది గుండె రంధ్రానికి కాదు, రక్తనాళాల కుట్ల దగ్గర లీకు ఆపడానికి. 2025లో అమెరికా ఎఫ్‌డీఏ ఇచ్చింది తెగిన నరాల కొసల్ని కుట్టు లేకుండా కలపడానికి. 2008 నుంచి లెక్కేసుకో ఎన్నేళ్లయిందో. అంతా అయ్యాక బల్లి మిగిలింది కంపెనీ మొదటి పేరులోనే, సరుకులో కాదు.

కాబట్టి మొదటి ఆరు నెలలు ల్యాబ్‌లో మైక్రోఫ్యాబ్రికేషన్ (అతి సూక్ష్మమైన ఆకారాలు తయారుచేసే పని) నేర్చుకుంటూనే, మీ గైడ్‌ని అడిగి ఏదైనా ఆసుపత్రిలో సర్జరీ వాళ్లతో మాట్లాడించుకుని థియేటర్‌లో నిలబడు. పెద్ద డాక్టర్‌తో మీటింగ్ పెట్టుకుని స్లైడ్లు చూపించడం కాదు, మూల నిలబడి చూడటం. సర్జన్ చెప్పే సమస్య కంటే స్క్రబ్ నర్స్ చెప్పేది ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ప్యాకెట్ విప్పేది ఆవిడ, జిగురు కలిపేది ఆవిడ, అది గ్లోవ్‌కి అంటుకుంటే తిట్టుకునేదీ ఆవిడే. ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఎంతసేపు ఉంచొచ్చు, కలపడానికి ఎన్ని నిమిషాలు, వేసింది వంకరగా పడితే తీసి మళ్లీ వేయొచ్చా, ఇవి అడుగు. ఇప్పుడున్న సర్జరీ జిగుర్లు, ఫైబ్రిన్ గ్లూ, సయనోఅక్రిలేట్ ఎక్కడ వాడుతున్నారు, ఎక్కడ వాడటం మానేశారు, ఎందుకు మానేశారు, అది రాసుకో. నీ థీసిస్ మొదటి అధ్యాయం అక్కడే దొరుకుతుంది.

తీయడం గురించి కూడా అడుగు, మన రంగంలో అందరూ మర్చిపోయేది అదే. ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) నెలలు నిండకుండా పుట్టిన పిల్లల చర్మం ఎంత పలచనంటే, ట్యూబు కదలకుండా వేసిన ప్లాస్టర్ పీకేటప్పుడు చర్మం కూడా ఊడొస్తుంది. కార్ప్ బృందమే 2012లో దానికోసం మూడు పొరల టేపు చేసింది, జిగురుకీ పైపట్టీకీ మధ్య తేలిగ్గా విడిపోయే పొర పెట్టి, జిగురు చర్మం మీదే ఉండిపోయేలా. గట్టిగా అంటుకునేది చేయడం అందరికీ సరదా, మర్యాదగా ఊడొచ్చేది చేయడానికి ఎవరూ ముందుకు రారు. నీకు ఖాళీ స్థలం అక్కడ ఎక్కువుందని నా అభిప్రాయం.

అవసరం దొరికాక జంతువు దగ్గరికి వెళ్లు, అప్పుడు ఆకారాన్ని కాదు, అది పనిచేసే తీరును పట్టుకో. ఉత్తర అమెరికా ముళ్లపంది మీద 2012లో వచ్చిన పేపర్ చదువు, నాకు ఈ రంగంలో చాలా ఇష్టమైన పని అది. ముల్లు కొసన వెనక్కి తిరిగిన సూక్ష్మమైన కొక్కేలు ఉంటాయి, అవి ముల్లును బయటికి రానివ్వవని చిన్నపిల్లాడైనా చెప్తాడు. కొలిస్తే తేలింది ఇంకోటి, ఆ కొక్కేలే ముల్లు లోపలికి దిగడానికి కావలసిన బలాన్ని సుమారు సగానికి తగ్గిస్తున్నాయి, ఒత్తిడంతా కొక్కేల దగ్గర కేంద్రీకృతమై కణజాలం సులువుగా తెగుతుంది. ఇది ఎలా తెలిసింది? కొక్కేలు తీసేసిన ముల్లును, అసలు కొక్కేలే ఉండని ఆఫ్రికా ముళ్లపంది ముల్లును పక్కన పెట్టి పోల్చారు కాబట్టి. (మన ఏదుపంది కూడా ఆ ఆఫ్రికా దాని చుట్టమే, దాని ముళ్లు నున్నగా ఉంటాయి, అడవిలో ముల్లు దొరికిందని సంబరపడి ల్యాబ్‌కి తేకు.) నువ్వు కూడా అంతే చేయాలి. స్తంభాలున్న ప్యాచ్ నంబర్ పక్కన, స్తంభాలు లేని అదే పాలిమర్ పలక నంబర్ లేకపోతే నేను రివ్యూయర్‌నైతే తిరిగి పంపేస్తాను.

పరీక్షలు కూడా నిజాయితీగా పెట్టుకో. మాంసం కొట్టు నుంచి తెచ్చిన పంది చర్మాన్ని టిష్యూ పేపర్‌తో తుడిచి ప్యాచ్ అంటించి లాగితే ఏదైనా అంటుకుంటుంది. 37 డిగ్రీల్లో, రక్తం పోసి, కదుపుతూ చెయ్యి, గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది కదా, ఒక్కసారి లాగి వచ్చిన నంబర్ దానికి ఏం చెబుతుంది. కొలతలకు ఏఎస్‌టీఎం సంస్థ ప్రామాణిక పద్ధతులు ఎఫ్2255, ఎఫ్2392 చూడు, నీ సొంత పద్ధతి కనిపెట్టకు, అప్పుడే వేరేవాళ్ల నంబర్లతో పోల్చడం కుదురుతుంది.

ఇక పదార్థం. కైటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసే పాలిమర్) వాడదామనుకుంటున్నా అన్నావు, భీమవరం వైపు రొయ్యల పెంకులకు కొదవ లేదు కాబట్టి చవకే అనుకుని ఉంటావు. పెంకు చవకే, ఒకేలా ఉండే కైటోసాన్ చవక కాదు. డీఎసిటైలేషన్ శాతం (పెంకు పదార్థం ఎంతవరకు కైటోసాన్‌గా మారిందన్న లెక్క), అణుభారం బ్యాచ్‌కి బ్యాచ్‌కి మారతాయి, మార్చిలో కొన్న డబ్బాతో వచ్చిన ఫలితం సెప్టెంబర్ డబ్బాతో రాకపోతే నీకు టెన్షన్, నీ గైడ్‌కి అనుమానం. ఒకే లాట్ ఎక్కువగా కొని పెట్టుకో, ప్రతి లాట్‌నీ నువ్వే కొలువు, సప్లయర్ కాగితం నమ్మకు. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే, జ్వరం తెప్పించే విషపదార్థం) తప్పకుండా చూడు, మామూలుగా ఒక డివైజ్‌కి 20 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్లు) దాటకూడదు, మెదడు, వెన్ను ద్రవానికి తగిలేదైతే 2.15 మాత్రమే. ఆ పరీక్ష కూడా ప్రకృతి ఇచ్చిందే తెలుసా, మన ఒడిశా తీరంలో కూడా కనిపించే హార్స్‌షూ క్రాబ్ జాతుల నీలి రక్తం నుంచి తీసిన పదార్థంతో చేస్తారు. ఈమధ్య దాని బదులు ల్యాబ్‌లో తయారుచేసిన ప్రోటీన్ కూడా వాడుతున్నారు, దొరికితే అదే వాడు, ఆ జీవుల్ని వదిలేద్దాం.

స్టెరిలైజేషన్ గురించి మూడో ఏడాదిలో ఆలోచిద్దామని అస్సలు అనుకోకు. ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, పీఎల్‌జీఏ లాంటి శరీరంలో కరిగే పాలిమర్లు అంతకు చాలా ముందే మెత్తబడతాయి, నీ నానో స్తంభాలు పడిపోతాయి. గామా కిరణాలైతే మామూలు మోతాదు 25 కిలోగ్రే, కైటోసాన్ గొలుసుల్ని కత్తిరించేస్తుంది. ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్ పెడితే అది మిగలకుండా పోవాలి, దానికి వేరే స్టాండర్డ్ ఉంది. మొదటి శాంపిల్ పనిచేసిన వారంలోనే దాన్ని స్టెరిలైజ్ చేయించి మళ్లీ కొలువు. చాలా అందమైన పదార్థాలు ఇక్కడే చచ్చిపోతాయి, ముందే తెలిస్తే నీకు రెండేళ్లు మిగులుతాయి.

కాగితాల పని క్లుప్తంగా చెప్తాను. ఐఎస్ఓ 10993 (పదార్థం శరీరానికి హాని చేయదని పరీక్షించే స్టాండర్డ్), ఐఎస్ఓ 14971 (డివైజ్ ప్రమాదాల్ని అంచనా వేసే స్టాండర్డ్) ఇప్పుడే ఒకసారి చదివెయ్యి, బోర్ కొడుతుంది, అయినా చదువు. మన దేశంలో మెడికల్ డివైజెస్ రూల్స్ 2017 ప్రకారం ఏ నుంచి డి వరకు నాలుగు క్లాసులు, శరీరంలో కరిగిపోయే ఇంప్లాంట్ అంటే కింది క్లాసుల్లో పడదు, దానికి తగ్గట్టే పరీక్షలుంటాయి. కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టేముందు ప్రొవిజనల్ పేటెంట్ వేయించు, ముందు బయటపెట్టి తర్వాత పేటెంట్ వేయడానికి అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది కానీ మన దగ్గర, యూరప్‌లో దాని మీద ఆశ పెట్టుకోకు. మన దేశపు జీవి నుంచి ఏదైనా తీస్తే చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ సంగతి పేటెంట్ లాయర్‌ని ముందే అడుగు. డబ్బుకి బైరాక్ (బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల బిగ్ గ్రాంట్ 50 లక్షల వరకు ఇస్తుంది, అది కంపెనీ ఆలోచన వచ్చాక, ఇప్పుడే కాదు. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, టెస్టింగ్ ల్యాబులు ఒకే ఆవరణలో ఉంటాయి, సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒకపూట చూసి రా, బాబాయ్ వాళ్లిల్లు అక్కడికి దగ్గరేగా.

నీ ప్రపోజల్ డ్రాఫ్ట్ పంపు. మొదటి పేజీలో జంతువు పేరు లేకుండా రాయి, ఎవరికి ఏ ఆపరేషన్‌లో ఏం సరిగ్గా జరగడం లేదో రాయి, జీవి రెండో పేజీలో వస్తే చాలు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపు, కామెంట్లు రాయాలి.

మామయ్య