నీ ఫ్రెండ్ పేరు వేయాల్నా అని అడిగావు కదా

బిడ్డా,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. నీ నవలను హైదరాబాద్‌లో ఒక పబ్లిషర్ వేస్తామన్నారని చెప్తుంటే ఆమె గొంతు వణికింది. ఫోన్ పెట్టేశాక నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. రామగిరి నుంచి క్లాక్ టవర్ దాకా నడిచిపోయి, మిఠాయి కొని, దారిలో కనిపించిన తెలిసినవాళ్లందరికీ పెట్టి వచ్చాను. తెలుగులో సైన్స్ ఫిక్షన్, అదీ మన నల్గొండ నీళ్ల మీద, రాసింది మా ఇంటి పిల్ల! మీ తాత ఉంటే ఊళ్లో గడప గడపకూ పోయి చెప్పేవాడు.

సాయంత్రం నీ మెసేజ్ చూశాను. చివర్లో ఒక లైన్ రాశావు: "లెక్కలన్నీ నా ఫ్రెండే వేసింది మామా. కానీ రాసింది నేనే కదా, పేరు వేయాల్నా?" ఆ లైన్ చదివినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. రాత్రి పదకొండయింది, లేచి కూర్చుని రాస్తున్నాను.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. ప్రూఫులు నువ్వొక్కదానివే చదవకు, మన తప్పు మన కంటికి ఆనదు. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబర్ ఎవరు తీసుకుంటారో అడుగు. ఫైల్ రెండు మూడు చోట్ల దాచుకో. రిజిస్ట్రేషన్ చేయించలేదే అని టెన్షన్ పడకు. చేయించకపోయినా రాసిన నాటి నుంచి కాపీరైట్ నీదే. నీ తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది.

అగ్రిమెంట్ దగ్గర మాత్రం నాకు భయమేస్తోంది. పబ్లిషర్ మంచివాళ్లే కావచ్చు. కానీ మొదటి పుస్తకం సంబరంలో ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేస్తాం. "సర్వహక్కులు" అన్న మాట కనపడితే పెన్ను కింద పెట్టు. అచ్చు హక్కు వేరు, ఈ-బుక్ వేరు, ఆడియో వేరు, అనువాదం వేరు, సినిమా వేరు. ఏది ఇస్తున్నావో, ఎన్నేళ్లకో, రాయల్టీ ఎంతో విడివిడిగా రాయించు. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ఉంది, చదువు. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే అయిదేళ్లే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. 57వ సెక్షన్ కూడా చూడు. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఇది నేను రాసింది అని చెప్పుకునే హక్కు రాసినవాళ్ల దగ్గరే ఉంటుంది. అది బేరానికి లొంగనిది.

ఇక నువ్వు అడిగిన దాని దగ్గరికి వస్తాను. నీకు జవాబు చెప్పాలంటే ఎన్నడూ ఎవరికీ చెప్పనిది ఒకటి చెప్పాలి.

1984 ఏప్రిల్. రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి పోయిన రోజులు. మర్రిగూడ దగ్గర మన ఊళ్లో, వాకిట్లో మంచాలు వేసుకుని రేడియో పెట్టుకునేవాళ్లం. అప్పటికి నేను వీక్లీలకు కథలు పంపుతున్నాను, అన్నీ తిరిగొస్తున్నాయి. మీ అమ్మకు పదహారేళ్లు.

మా అవ్వ నీకు తెలియదు. మన ఊరి కింద అంతా గ్రానైటు. ఆ రాళ్లలోని ఫ్లోరైడ్ బావి నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు. మా బావిలో ఎంతుందో ఆ రోజుల్లో కొలిచినవాళ్లు లేరు. ఆ నీళ్లే తాగి తాగి అవ్వ నడుము వంగింది, మెడ కొయ్యబారింది. ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. తల ఎత్తడం సాధ్యం కాదు. ఆకాశం చూసి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

పున్నమినాడు మీ అమ్మ ఒక పని చేసేది. ఇత్తడి గంగాళం నిండా నీళ్లు పోసి అవ్వ ముందు పెట్టేది. నీళ్లు కదలడం ఆగేదాకా గంగాళం అంచును రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. అవ్వ వంగిన మెడతోనే అందులోకి చూసి "వచ్చిండు" అనేది. చందమామ వచ్చాడని.

ఆ నెల పున్నమికి మీ అమ్మ గంగాళం పట్టుకుని నాతో అంది: "అన్నా, రేపు చందమామ మీద మనుషులు కాపురముంటే, ఆడికెల్లి ఈ నీళ్లల్లకు చూస్తే ముందుగాల కనవడేది మన అవ్వ మొఖమే గదా."

నేను లోపలికి పోయి బుడ్డి దీపం కింద కూర్చుని తెల్లారేసరికి కథ రాశాను. చంద్రుడి మీద పుట్టిన పిల్లవాడు పెద్ద టెలిస్కోపు పెట్టి భూమిని వెతుకుతాడు. చివరి వాక్యం మీ అమ్మ మాటే. నేను చేసిందల్లా దాన్ని పుస్తకం భాషలోకి మార్చడం. ఆ కథ వీక్లీలో వచ్చింది. కింద నా పేరొక్కటే. పాఠకుల ఉత్తరాల్లో అందరూ మెచ్చుకున్నది ఆ చివరి వాక్యాన్నే. నలభై రూపాయల మనియార్డర్ వచ్చింది, దాంతో నేను నల్గొండ పోయి పెన్ను కొనుక్కున్నాను.

మీ అమ్మ కథ చదివింది. పత్రిక మడిచి నా చేతికిచ్చి "మంచిగ అచ్చయింది అన్నా" అంది. అంతే. తగాదా లేదు, అలక లేదు. మామూలుగానే అన్నం పెట్టింది. ఆలోచన ఎవరిదైతేనేం, కథగా రాసింది నేనే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ మెసేజ్‌లో ఉన్న మాట అదే బిడ్డా, అక్షరం తేడా లేదు.

ఆ తర్వాత కూడా పున్నములు వచ్చాయి, ఆమె గంగాళం పెట్టింది. కానీ నాకు మళ్లీ ఏదీ చెప్పలేదు. నేను పక్కనే కూర్చున్నా చెప్పలేదు. చెల్లెలిలో కథ చెప్పే మనిషి ఉందని నాకు మళ్లీ తెలిసింది నువ్వు పుట్టాక, నిన్ను నిద్రపుచ్చుతూ చెప్తుంటే గోడ అవతల నుంచి విన్నప్పుడు. ఇరవై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాక కూడా నేను రాయలేనివి ఆమె నోటి నుంచి వచ్చాయి. అవి ఏ పత్రికలోనూ లేవు. అందులో నా పాపం ఎంతుందో నేను తూకం వేసుకోని రాత్రి తక్కువ.

చట్టం చూస్తే నీ మాటే నెగ్గుతుంది. ఆలోచనకు కాపీరైట్ లేదు, రాసిన తీరుకే ఉంటుంది. ఎవరిది ఎంతో విడదీయలేనట్టు ఇద్దరూ కలిసి రాస్తేనే చట్టం ఉమ్మడి రచయితలంటుంది. లెక్కలు వేసిచ్చినంత మాత్రాన నీ ఫ్రెండ్ ఆ కిందికి రాకపోవచ్చు. కానీ దసరాకు వచ్చినప్పుడు నువ్వే చెప్పావు, గుర్తు తెచ్చుకో. రాతి పొరల్లోకి వాన నీళ్లు ఎన్నేళ్లకు ఇంకుతాయో ఆమె లెక్క తేల్చాకే, నీ నవలలోని మర తనంతట తాను ఆగిపోవాలన్న ఆలోచన ఆమెకు వచ్చిందన్నావు. నవలకు ప్రాణమే అది. దాన్ని లెక్కలు అని ఎలా అన్నావమ్మా? అంత చిన్న మాట నీ నోట ఎలా వచ్చింది?

కోప్పడ్డాననుకోకు. నేను చేసిన తప్పు నీ చేత కానివ్వకూడదని గొంతు పెరిగింది.

కారెల్ చాపెక్ అని ఒక చెక్ రచయిత ఉండేవాడు. రోబో అన్న మాట ప్రపంచానికి తెలిసింది 1920లో అచ్చయిన ఆయన నాటకంతోనే. మర మనుషులకు ఏం పేరు పెట్టాలో తోచక, బొమ్మ వేస్తున్న వాళ్ల అన్న జోసెఫ్‌ను అడిగాడట. ఆయన నోట్లో కుంచె పెట్టుకునే "రోబోట్లు అను" అన్నాడట. ఒక్క మాట! 1933లో చాపెక్ పత్రికకు ఉత్తరం రాసి, ఆ మాట నాది కాదు, మా అన్నది అని చెప్పాడు. అప్పటికి ఆ పదం ఆయన పేరు మీద దేశాలు తిరుగుతోంది. ఇది మొదటిసారి చదివిన రోజు నేను క్లాసులో పాఠం చెప్పలేకపోయాను.

మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల వివరాలు సేకరించి అచ్చు వేశారు. ఫోన్ లేని కాలంలో, ఉత్తరాలు రాసి రాసి. ఆయన అంతమందిని వెతికి పట్టుకున్నారు. నా పక్కనే గంగాళం పట్టుకుని కూర్చున్న ఒక్కరి పేరు నేను రాయలేకపోయాను.

కాబట్టి ఇట్లా చెయ్యి. అట్ట మీద నీ పేరొక్కటే ఉన్నా తప్పులేదు, వాక్యం వాక్యం నువ్వే రాశావు. కానీ లోపల టైటిల్ పేజీలో, నీ పేరు కిందనే, ఈ కథలోని లోకాన్ని ఇద్దరం కట్టాం అని ఆమె పేరుతో వేయించు. చివర కృతజ్ఞతల్లో ఇరవై మంది మధ్యన కాదు. ఆ పేజీ ప్రూఫ్ ముందు ఆమెకు చూపించు. ఆమె ఇంకేమన్నా అడిగితే అచ్చుకు ముందే మాట్లాడుకోండి, డబ్బు సంగతి కూడా, కాగితం మీద. అట్ట బొమ్మ వేసిన పిల్లవాడి పేరు కూడా చూసుకో, చాలామంది మర్చిపోయేది అతన్నే.

ఆ వీక్లీలోని పేజీ ఇంకా నా దగ్గరే ఉంది, ఇంతకుముందే ట్రంకు పెట్టెలోంచి తీశాను. అంచులు పొడిపొడి అవుతున్నాయి. నా పేరు పక్కన మీ అమ్మ పేరు రాశాను. ఇంత ఆలస్యంగా రాస్తే ఏమవుతుందో నాకు తెలియదు. ఈ ఉత్తరంతో మాత్రం పంపడం లేదు. నా చేతులతో ఆమెకు ఇవ్వాలి.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. అప్పటిదాకా ఈ ఉత్తరం అమ్మకు చూపించకు. అగ్రిమెంట్ కాగితాలు తీసి ఉంచు, సంతకం పెట్టకు, కూర్చుని చదువుదాం. నీ ఫ్రెండ్‌ను కూడా ఆ రోజు భోజనానికి రమ్మను.

మీ మామ
నల్గొండ